పులికి దారి ఉంది... మరి మనిషికి?

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి రాత్రి బస్సులో ఎప్పుడైనా వెళ్లారా? పది గంటలకు ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, దుప్పటి కప్పుకుంటే మళ్లీ మెలకువ వచ్చేది దేవనహళ్లి దగ్గరే. మధ్యలో జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ అన్నీ నిద్రలోనే దాటేస్తాం. మన తరం ఐటీ వాళ్లు ఆఫీసు తర్వాత ఎక్కువ గంటలు గడిపింది ఈ రోడ్డు మీదేనేమో. కానీ దాని గురించి మనకు తెలిసింది మాత్రం గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే ఒక నంబరే. ఎన్‌హెచ్ 44.

దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారి ఇది. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ఆగుతుంది. పొడవు సుమారు 3,745 కిలోమీటర్లు. మాది అనంతపురం జిల్లాలో, పామిడికి దగ్గర్లో, ఈ రోడ్డు పక్కనే ఉన్న ఒక పల్లె. అందుకే నాకు ఈ రోడ్డు రెండు రకాలుగా తెలుసు. బస్సు కిటికీలోంచి ఒకటి, మా చేని గట్టు మీద నుంచి ఇంకొకటి. నిజం చెప్పాలంటే ఆ రెండూ ఒకే రోడ్డులా అనిపించవు. ఎందుకో చెప్పాలంటే ముందు దీని కథ కొంచెం తెలియాలి.

ఏడు రోడ్లు కలిస్తే ఒకటి

మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని 'సెవెన్ నంబర్ రోడ్డు' అనే అంటారు. వాళ్లు అన్నదాంట్లో తప్పేం లేదు. 2010 దాకా ఇది ఎన్‌హెచ్ 7. వారణాసి నుంచి జబల్‌పూర్, నాగ్‌పూర్, హైదరాబాద్, బెంగళూరు మీదుగా కన్యాకుమారి వెళ్లేది. 2010లో కేంద్రం దేశంలోని జాతీయ రహదారులన్నింటికీ కొత్త నంబర్లు ఇచ్చింది. అప్పుడు ఏడు పాత రహదారుల ముక్కలు కలిపి, పై నుంచి కింది దాకా ఒకే నంబరు పెట్టారు. అదే 44.

ఈ నంబర్ల వెనక ఒక లెక్క ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లే పెద్ద రోడ్లకు సరి సంఖ్యలు. తూర్పు నుంచి పడమరకు జరిగేకొద్దీ అవి పెరుగుతాయి. అందుకే తూర్పు తీరం వెంట వెళ్లే కోల్‌కతా-చెన్నై రోడ్డు 16, దేశం నడిమధ్యలో ఉన్న మనది 44. తూర్పు-పడమర రోడ్లకు బేసి సంఖ్యలు. ఇవి ఉత్తరం నుంచి దక్షిణానికి పెరుగుతాయి. పుణె-మచిలీపట్నం రోడ్డు 65 అయింది అలాగే. మూడంకెల నంబరు కనిపిస్తే అది కొమ్మ అన్నమాట. చివరి రెండంకెలు దాని తల్లి రోడ్డువి. సేలం నుంచి కొచ్చి వెళ్లేది 544. మా అనంతపురం నుంచి గుంటూరు వెళ్లేది 544డి. కోడ్‌లో ఒక వేరియబుల్‌కి పేరు పెట్టడానికే అరగంట కొట్టుకునే మాలాంటి వాళ్లకు ఈ పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ఇంకోసారి బోర్డు కనబడితే మ్యాప్ తెరవకుండానే ఆ రోడ్డు ఎటు పోతుందో ఊహించి చూడండి, సరదాగా ఉంటుంది.

కాశ్మీరు నుంచి కిందికి

శ్రీనగర్‌లో బయల్దేరితే మొదటి పరీక్ష పీర్ పంజాల్ కొండలు. 1956లో తెరిచిన జవహర్ సొరంగమే దశాబ్దాల పాటు కాశ్మీరు లోయకు తలుపు. మంచు పడితే ఆ తలుపు మూసుకుపోయేది. ఇప్పుడు దానికంటే కింద, దాదాపు ఎనిమిదిన్నర కిలోమీటర్ల బనిహాల్-కాజీగుండ్ సొరంగం వచ్చింది. 2021లో బండ్లు వదిలారు. ఇంకొంచెం కిందికొస్తే చెనాని-నష్రి సొరంగం, తొమ్మిది కిలోమీటర్ల పైమాటే. 2017లో తెరిచారు. ఇదొక్కటే దారిని సుమారు 30 కిలోమీటర్లు తగ్గించింది. అయినా కొండ కొండే. 2025 వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసుకుపోతే, ఆపిల్ లారీలు రోజుల తరబడి ఎక్కడివక్కడే ఆగిపోయాయి. పెట్టెల్లోనే పళ్లు కుళ్లిపోయాయి. వెయ్యి కిలోమీటర్ల అవతల మండీలో రేటు మారడానికి ఈ రోడ్డులో ఒక మలుపు చాలు.

జమ్మూ దాటాక పంజాబ్. పఠాన్‌కోట్, జలంధర్, లూధియానా. జలంధర్ నుంచి ఢిల్లీ దాకా మనం నడిచేది పాత గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదే. మొఘలుల కాలంలో దూరం గుర్తుకు కట్టిన కోస్ మినార్లు హర్యానాలో ఈ దారి పొడవునా ఇంకా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. మూడు యుద్ధాల పానిపట్, వెన్న పరాఠాల ముర్తల్ రెండూ ఈ రోడ్డు మీదే. ఢిల్లీ తర్వాత మథుర, ఆగ్రా. ధోల్‌పూర్ దాటగానే చంబల్ నది. గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, ఆపైన నర్మద. సివనీ అడవులు దాటితే నాగ్‌పూర్.

ఇక్కడ ఒక చిన్న విషయం. మ్యాప్‌లో 78 డిగ్రీల రేఖాంశం వెంట వేలు పెట్టి కిందికి జరపండి. ఆగ్రా, గ్వాలియర్, కర్నూలు, సేలం, మదురై అన్నీ దాదాపు ఆ గీత మీదే ఉంటాయి. రెండు వందల ఏళ్ల కిందట విలియం లాంబ్టన్ అనే సర్వేయర్ ఈ రేఖ వెంటే దేశాన్ని కొలుచుకుంటూ వచ్చాడు. 1823 జనవరిలో హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వెళ్తూ, దారిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆ హింగన్‌ఘాట్ ఇవాళ ఎన్‌హెచ్ 44 మీద ఒక ఊరు. బస్సులు అక్కడ టీకి ఆగుతాయి.

పెన్‌గంగ దాటితే మన వైపే

పెన్‌గంగ వంతెన దాటగానే ఆదిలాబాద్. నిర్మల్ ఘాట్ దిగాక సోన్ దగ్గర గోదావరి. ఆర్మూరు, కామారెడ్డి, తూప్రాన్, మేడ్చల్, హైదరాబాద్. ఆ తర్వాత శంషాబాద్, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు. బీచుపల్లి దగ్గర కృష్ణ. అలంపూర్ చౌరస్తా దాటితే తుంగభద్ర, అవతల ఒడ్డున కర్నూలు. డోన్, గుత్తి, పామిడి దగ్గర పెన్న. అనంతపురం, పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు. అక్కడితో మన సరిహద్దు అయిపోయి బాగేపల్లి మొదలవుతుంది. బెంగళూరు తర్వాత హోసూరు, క్రిష్ణగిరి, సేలం, కావేరి, కరూర్, దిండిగల్, మదురై, తిరునెల్వేలి. చివరికి కన్యాకుమారి. చీనాబ్ నుంచి తామ్రపర్ణి దాకా మనం బడిలో బట్టీపట్టిన నదుల్లో సగం ఈ ఒక్క రోడ్డు మీదే ఎదురవుతాయి.

ఆపిల్ పళ్లు కిందికొస్తాయి. మా అనంతపురం చీనీకాయలు పైకి వెళ్తాయి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చిందంటే ఈ రోడ్డు కూడా ఒక కారణమే. మా ఊరి పిల్లలు పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగాలు చేస్తున్నారంటే దీని పుణ్యమే. అందుకే ఈ రోడ్డు వద్దని ఎవరూ అనరు, నేనూ అనను. నా మాట వేరే.

25 మీటర్లకు 4 కిలోమీటర్లు

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా దగ్గర రోడ్డును నాలుగు వరుసలు చేశారు. అప్పటిదాకా రెండు పక్కలా చింతచెట్లతో ఉన్న మామూలు రోడ్డు. ఎడ్లబండ్లు, గొర్రెలు, సైకిళ్లు అన్నీ అడ్డంగా దాటేవి. నాలుగు వరుసలయ్యాక మధ్యలో డివైడర్ వచ్చింది. ఊరు ఒక పక్క ఉండిపోయింది, చేలలో సగం ఇంకో పక్క ఉండిపోయాయి.

మా పెద్దమ్మ చేను అవతలే. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని డివైడర్ ఎక్కి దిగుతుంటే చూశాను. "పెద్దమ్మా, కింద నుంచి దారుంది కదా, అట్ల పోవచ్చు కదా?" అన్నాను.

"అది యాడుందో తెలుసా నాయనా నీకు? రెండు కిలోమీటర్లు పోవల్ల. పోయి మళ్లా ఎనక్కి అంతే దూరం రావల్ల. ఈ మోపు నువ్వు మోస్తావా?" అంది.

లెక్కేశాను. రోడ్డు అడ్డంగా 25 మీటర్లు ఉంటుంది. చుట్టూ తిరిగి వెళ్తే 4 కిలోమీటర్లు, అంటే నడకలో దాదాపు గంట. రోజుకు రెండుసార్లు. మా పనిలో ఒక సూత్రం ఉంది. యాప్‌లో ఒక పని చేయడానికి పది స్క్రీన్లు పెట్టి, పక్కనే ఒక్క నొక్కుతో అయ్యే దొంగదారి వదిలేస్తే, జనం దొంగదారినే వాడతారు. అప్పుడు జనానికి బుద్ధి లేదని అనుకోం, డిజైన్ మార్చమంటాం. రోడ్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం ఒకటే మాట అంటాం. "వీళ్లకు ట్రాఫిక్ సెన్స్ లేదు" అని. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులదీ ఇదే కథ. యూటర్న్ ఎంత దూరంలో ఉందో చూస్తే, ఆ బైకు ఎందుకు ఎదురొస్తోందో సగం అర్థమవుతుంది.

ఇంకో లెక్క చూడండి. నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఒకవైపు రెండు వరుసలు, పక్క అంచు కలిపి తొమ్మిది మీటర్లు అనుకుందాం. బరువు మోసుకుంటూ పెద్ద వయసు మనిషి దాటడానికి పదకొండు సెకన్లు పడుతుంది. ఆ పదకొండు సెకన్లలో కారు 300 మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆమె అడుగు వేసేటప్పటికి ఆ కారు 300 మీటర్ల అవతల ఉండాలి. రాత్రిపూట డిమ్ లైట్‌లో డ్రైవర్‌కి కనిపించేది అందులో సగం కూడా ఉండదు. తప్పు ఆమెదా, డ్రైవర్‌దా అని మనం వాదించుకోవచ్చు. ఆ 300 మీటర్లు మాత్రం ఎవరి మాటా వినవు.

మా ఊళ్లో ఇలా దాటుతూ పోయినవాళ్లు నాకు తెలిసి ముగ్గురు. ఒకాయన నాతో బడిలో పక్క బెంచీలో కూర్చున్నవాడి నాన్న. సాయంత్రం పాలక్యాను పట్టుకుని వస్తున్నాడు, అంతే.

పులి లెక్క

ఇప్పుడు నాగ్‌పూర్‌కి వెనక్కి వెళ్దాం. సివనీ, నాగ్‌పూర్‌ల మధ్య ఈ రోడ్డు పెంచ్ పులుల అడవిని కోసుకుంటూ వెళ్తుంది. నాలుగు వరుసలు చేస్తామన్నప్పుడు, జంతువులు అటూ ఇటూ ఎలా తిరుగుతాయన్న ప్రశ్న వచ్చింది. పర్యావరణవేత్తలు కోర్టులకు వెళ్లారు. ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. చివరికి మహారాష్ట్ర వైపు 16 కిలోమీటర్ల ముక్కలో జంతువులు కింద నుంచి దాటడానికి తొమ్మిది చోట్ల రోడ్డును పైకెత్తి కట్టారు. అన్నింటికంటే పెద్దది 750 మీటర్లు. అంటే ముప్పావు కిలోమీటరు పొడవున రోడ్డు గాల్లో, అడవి కింద. మధ్యప్రదేశ్ వైపు బండ్ల శబ్దం, హెడ్‌లైట్ల వెలుగు అడవిలోకి పోకుండా పక్కన అడ్డుగోడలు కూడా పెట్టారు.

తర్వాత ఏమైందో కూడా చూశారు. భారత వన్యప్రాణి సంస్థ ఈ వంతెనల కింద కెమెరాలు పెట్టి 2019లో పది నెలల పాటు లెక్క తీసింది. 18 రకాల అడవి జంతువులు ఆ దారి వాడుకున్నాయి. పులులు 89 సార్లు దాటాయి. జంతువులు ఎక్కడ దాటుతాయో ముందు తెలుసుకుని, అక్కడే దారి ఇచ్చారు. అందుకే అవి వాడాయి. పులికి ఎవరూ ట్రాఫిక్ సెన్స్ నేర్పలేదు.

దీన్ని చూసి "పులికి అన్ని కోట్లా" అనేవాళ్లున్నారు. నాకైతే అలా అనిపించదు. పులికి ఇచ్చింది న్యాయమే. అదే లెక్క మనిషికి ఎందుకు వేయరన్నదే నా ప్రశ్న.

మనిషి లెక్క

మనిషికి వేసే లెక్క వేరేలా ఉంటుంది. రోడ్డు మీద ప్రమాదకరమైన చోటును 'బ్లాక్ స్పాట్' అంటారు కదా. దానికి కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన నిర్వచనం ఇది: సుమారు 500 మీటర్ల ముక్కలో, వరుసగా మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలు జరిగిన ప్రమాదాలు ఐదు ఉండాలి, లేదా పది మంది చనిపోయి ఉండాలి. అంటే పులి విషయంలో రోడ్డు కట్టకముందే లెక్కపెట్టారు. మన విషయంలో చనిపోయాక లెక్కపెడతారు. మా ఊరి ముగ్గురూ ఆ లెక్కకు చాలరు.

ఒక తండా మాత్రం వార్తల్లోకి ఎక్కింది. షాద్‌నగర్‌కు దగ్గర్లో, ఇదే రోడ్డు పక్కనున్న పెద్దకుంట తండా. ఏ పని కావాలన్నా రోడ్డు దాటాల్సిందే. అలా దాటబోయి ఎంతమంది మగవాళ్లు చనిపోయారంటే, విదేశీ పత్రికలు కూడా వచ్చి 'వితంతువుల ఊరు' అని రాసుకుపోయాయి.

దేశమంతా చూస్తే 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదే. దేశంలో ఉన్న మొత్తం రోడ్లలో ఈ రహదారులు రెండు శాతం చిల్లర. మరణాల్లో మాత్రం మూడో వంతు కంటే ఎక్కువ. అదే ఏడాది అన్ని రకాల రోడ్ల మీదా కలిపి చనిపోయిన పాదచారులు 32,825 మంది.

ఇది పల్లెవాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికీ లేదు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని కాలిపోయి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, రోడ్డు మీద పడి ఉన్న బైకును హైదరాబాద్-బెంగళూరు బస్సు ఢీకొంది. మంటలు అంటుకుని 19 మంది ప్రయాణికులు నిద్రలోనే పోయారు. వాళ్లలో మనలాంటి ఐటీ ఉద్యోగులు ఉన్నారు. ప్రతి ప్రమాదానికీ వేర్వేరు కారణాలుంటాయి. కానీ వేగంగా పోయే స్లీపర్ బస్సు, పక్క ఊరి బైకు, పాలక్యాను మనిషి, ముగ్గురికీ ఒకే తారు పట్టీ ఇచ్చినప్పుడు దెబ్బ ఎవరికైనా తగులుతుంది.

ఫోన్ చేతిలోనే ఉంది కదా

మన వల్ల అయ్యేవి కొన్ని ఉన్నాయి. జాతీయ రహదారి మీద ఏ ఇబ్బంది వచ్చినా 1033కి ఫోన్ చేయొచ్చు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చెబితే చోటు దొరుకుతుంది. జాతీయ రహదారి రాయికి పైభాగం పసుపు రంగులో ఉంటుంది. 'రాజ్‌మార్గ్‌యాత్ర' అనే ప్రభుత్వ యాప్‌లో ఫొటో తీసి, లొకేషన్‌తో సహా ఫిర్యాదు పెట్టొచ్చు. వెలగని దీపం, విరిగిన రెయిలింగ్, జనం రోజూ దాటే చోటు, ఏదైనా సరే. ప్రమాదంలో పడినవాళ్లను ఆస్పత్రికి చేర్చినవాళ్లను పోలీసులు కేసుల్లో ఇరికించకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. కాబట్టి ఆగడానికి భయపడొద్దు.

స్లీపర్ బస్సు ఎక్కితే ఎమర్జెన్సీ డోర్ ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో ముందు చూసుకుని, ఆ తర్వాత దుప్పటి కప్పుకోండి. కారు నడుపుతుంటే, రోడ్డుకి ఒక పక్క ఇళ్లు, ఇంకో పక్క చేలు కనిపించిన చోట యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. డివైడర్ మీద గడ్డి అరిగిపోయి మట్టి బాట తేలి ఉంటే, అక్కడ మనుషులు దాటుతున్నారని అర్థం. ఆ బాటలు ఏ మ్యాప్‌లోనూ ఉండవు.

మీ ఊరు కూడా ఇలాంటి రోడ్డు పక్కనే ఉంటే ఇంకో పని ఉంది. రేపో మాపో నాలుగు వరుసలు ఆరవుతాయి. సర్వే వాళ్లు వచ్చి రాళ్లు పాతేటప్పుడే ఊళ్లో ఎంతమంది, ఏ పొద్దున, ఎక్కడ దాటుతున్నారో లెక్క రాసి గ్రామసభలో పెట్టండి. కట్టేశాక అడిగితే డివైడర్ పగలగొట్టాలి, కట్టకముందు అడిగితే కాగితం మీద గీత జరిపితే చాలు. మా ఊళ్లో కుర్రాళ్లం నలుగురం కలిసి ఈ ఉగాదికి ఆ పని మొదలుపెట్టాం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా చింతచెట్టు మొద్దు దగ్గర కూర్చుని లెక్కపెట్టాం. మొదటి రోజు ఆ ఒక్క చోటే 64 మంది దాటారు. పదకొండు మంది చేతుల్లో చిన్నపిల్లలున్నారు. ఆ కాగితం ఇప్పుడు మా పంచాయతీ ఆఫీసు ఫైల్లో ఉంది.